నొక్కుల జుట్టు ఆరే వేళ

తలస్నానం చేశాక నొక్కుల జుట్టును ఎలా ఆరబెట్టుకోవాలన్న విషయంలో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. దాని మానాన దాన్ని ఆరనివ్వమని పెద్దవాళ్లు చెబుతారు. వేడిగాలి తగిలితే జుట్టు పెళుసెక్కి చివళ్లు చిట్లుతాయని వాళ్ల భయం. కాలేజీకో ఆఫీసుకో పరుగెత్తాల్సిన పిల్లలు మాత్రం డ్రయర్‌కు డిఫ్యూజర్ తగిలించుకుంటే పని త్వరగా అవుతుందనీ, నొక్కులు కూడా బాగా నిలుస్తాయనీ అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. రెండింటిలోనూ చెప్పకుండా వదిలేసిన సంగతులూ ఉన్నాయి. వాటిని కూడా ముందు పెట్టుకుని చూస్తేనే ఎవరి తలకు ఏది తగునో తేలుతుంది.

ముందు ఆ నొక్కు ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో రెండు రకాలు ఇక్కడ ముఖ్యం. మొదటివి గంధకపు బంధాలు. ఇవి గట్టివి, నీళ్లకు లొంగవు. వెంట్రుకకు కుదుట్లోనే వచ్చే వంపును కాపాడేవి ఇవే. పార్లర్లలో రీబాండింగ్ పేరుతో మందు పూసి విడగొట్టేది కూడా వీటినే. రెండోవి హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటిగా బలహీనమైనవే గాని లెక్కలేనన్ని ఉంటాయి. తడిస్తే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. కలిసే వేళకు వెంట్రుక ఏ రూపంలో ఉంటే, మళ్లీ తడిసేదాకా ఇంచుమించు ఆ రూపమే ఉంటుంది. నీళ్లు చల్లి ఇస్త్రీ చేసిన నూలుచీరకు మడత నిలిచేది ఇలాగే. తడి జుట్టును జడ వేసుకుని పడుకుని పొద్దున విప్పితే, తిన్నటి జుట్టులో కూడా అలలు కనిపించేది ఇందుకే.

అంటే పుట్టుకతో వచ్చిన వంపు ఒకటి, ఆరేటప్పుడు కుదురుకునే రూపం ఒకటి. బిగువైన ఉంగరాల జుట్టులో మొదటిది బలంగా ఉంటుంది గనక ఎలా ఆరబెట్టినా ఉంగరం మళ్లీ చుట్టుకుంటుంది. పూర్తిగా తిన్నటి జుట్టుకు ఈ బాధే లేదు. చిక్కల్లా మధ్యలో ఉన్న నొక్కుల జుట్టుతోనే. అమెరికా కేశాలంకరణ నిపుణుడు ఆండ్రే వాకర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన నాలుగు రకాల విభజనలో ఇది రెండో రకం. వంపు ఉంటుంది, పట్టు తక్కువ. నీటి బరువుకు సాగుతుంది, దువ్వెన పడితే విడిపోతుంది, తువ్వాలుతో రుద్దితే రేగుతుంది. తమది నొక్కుల జుట్టని తెలియక, తిన్నగానూ ఉండని రింగులూ తిరగని పాడు జుట్టని విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి వాళ్ల జుట్టులో లోపమేమీ లేదు. అది ఆరే పద్ధతిలోనే తేడా వస్తోంది.

గాలి పక్షమైనా డ్రయర్ పక్షమైనా ఒప్పుకునే సంగతి ఒకటుంది. ఆరబెట్టడానికి ముందు నీళ్లు తీసే తీరు. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మందం సుమారు 15 శాతం పెరుగుతుంది. పైనున్న పొలుసులు కొద్దిగా లేస్తాయి. అప్పుడది పొడిగా ఉన్నప్పటి కంటే ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. అలాంటి వేళ తల ముందుకు వంచి, తువ్వాలుతో టపటపా కొట్టి నీళ్లు దులపడం మన దగ్గర చాలా ఇళ్లలో అలవాటు. నీళ్లు త్వరగా పోతాయన్న మాట నిజమే. కాని పాయలుగా కలిసి ఉన్న వెంట్రుకలు ఆ దెబ్బకు దేనికది విడిపోతాయి. నొక్కు అంటే పక్కపక్క వెంట్రుకలన్నీ ఒకే వంపులో కలిసి నడవడం. అవి విడిపోయాక మిగిలేది రేగిన జుట్టే. దీనికంటే పాత నూలు పంచె ముక్కో, మెత్తబడ్డ కాటన్ టీషర్టో తీసుకుని, చివళ్ల నుంచి పైకి గుప్పిట్లోకి తీసుకుంటూ అద్దడం మేలు. పిండకూడదు, రుద్దకూడదు. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే సగం పని అయినట్టే.

ఇక్కణ్నుంచి దారులు వేరవుతాయి. గాలికి ఆరనివ్వాలన్న వాళ్ల వాదన బలమైనదే. వేడి ఎక్కువవుతుందన్న భయం ఉండదు. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు, చేయి నొప్పి పుట్టదు. జుట్టును ఎవరూ కదపరు గనక పాయలు తమంత తాము వంపు తిరుగుతాయి. ఉంగరాల జుట్టును దాని తీరున ఉండనివ్వాలని అమెరికాలో ఉద్యమంలా మొదలైన ఆలోచనకు లొరైన్ మాస్సీ రాసిన ‘కర్లీ గర్ల్’ పుస్తకం 2001లో ఊపునిచ్చింది. నురగ తక్కువ కడుగుడు, దువ్వెనకు దూరం, నెమ్మదిగా ఆరనివ్వడం ఆ దారిలోని ముఖ్య సూత్రాలు. మన వాతావరణం కూడా చాలాచోట్ల దీనికి అనుకూలమే. ఎండాకాలంలో హైదరాబాదులోనో అనంతపురంలోనో పొడిగాలికి నీడపట్టున కూర్చుంటే భుజాల దాకా ఉన్న జుట్టు ఆరడానికి పెద్దగా సమయం పట్టదు. నీడ అన్న మాట మరిచిపోకూడదు. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో ఆరబెట్టుకోవడం మెత్తని పద్ధతి కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వెంట్రుకలోని ప్రొటీన్‌నూ రంగునూ రెండింటినీ దెబ్బతీస్తాయి.

అయితే ఈ వాదనలో చెప్పనిది ఒకటుంది, నీటి బరువు. నడుము దాకా జుట్టున్నవాళ్లకు తడిసిన జుట్టు బరువంతా కుదుళ్ల దగ్గర వేలాడుతుంది. పైభాగం ఆ బరువుకు తిన్నగా సాగి, అలాగే ఆరిపోతుంది. ఆరాక మాడు దగ్గర అణిగిపోయి, చివళ్ల దగ్గర మాత్రమే నొక్కులు కనిపించే జుట్టు చాలామందిది ఇందువల్లే. పుట్టుకతో ఉన్న వంపు తక్కువ కావడం కాదు, ఆరేటప్పుడు దానికి నిలబడే వీలు దొరక్కపోవడం.

రెండోది సమయం. విశాఖపట్నంలో, కాకినాడలో, మచిలీపట్నంలో వానాకాలపు రోజున ఒత్తయిన జుట్టు ఆరాలంటే పూటంతా పట్టవచ్చు. గాలిలో తేమ నిండి ఉంటే జుట్టులోని నీరు బయటికి పోలేదు. పైగా బయటి తేమే వెంట్రుకలోకి చేరుతుంది. తేమకు వెంట్రుక సాగుతుందన్న ఈ గుణాన్ని పట్టుకునే స్విట్జర్లాండుకు చెందిన సోస్యూర్ 1783లో మనిషి వెంట్రుకతో గాలిలో తేమను కొలిచే పరికరాన్ని గురించి రాశాడు. తీరప్రాంతపు గాలిలో జుట్టు రేగడానికి ఆ గుణమే కారణం. ఆ పూటంతా ఎవరూ కదలకుండా కూర్చోలేరు. వంటచేస్తూ క్లిప్పు పెడతారు, బండెక్కుతూ హెల్మెట్ పెట్టుకుంటారు, బడికి టైమైందని పిల్లకు తడి జుట్టునే రెండు జడలు వేసేస్తారు. బంధాలు కలిసే వేళకు జుట్టు ఏ క్లిప్పు కింద నలుగుతోందో ఆ క్లిప్పు గుర్తే దాని మీద నిలుస్తుంది. నెమ్మదిగా ఆరనివ్వడం మంచిదే. కాని ఆ నెమ్మదిలో జుట్టును నలగనివ్వకుండా ఉంచడం మనలో ఎంతమందికి కుదురుతుంది?

మాడు సంగతి కూడా చూడాలి. చుండ్రుకు కారణమయ్యే మలసేజియా అనే ఫంగస్ మాడు మీది నూనెను తిని బతుకుతుంది. వెచ్చదనం, తేమ దానికి అనుకూలం. ఒత్తయిన జుట్టును తడిగానే ముడి వేసి గంటల తరబడి ఉంచితే దానికి చోటిచ్చినట్టే. తడి జుట్టు కట్టుకునే అలవాటున్న వాళ్లలో వెంట్రుకల మీద తెల్లని చిన్న గుళికల్లా కనిపించే తెల్ల పియెడ్రా అనే ఫంగస్ జబ్బు కూడా మన దేశంలో వైద్యులు చూస్తున్నదే. తడి తల వల్ల జలుబు చేస్తుందన్న మాటను మాత్రం పక్కన పెట్టాలి. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, తడి వల్ల కాదు. ఆ భయానికి కారణం సరైనది కాకపోయినా, తడి తలను త్వరగా ఆరబెట్టమన్న సలహాలో మాత్రం మేలుంది.

డ్రయర్ పక్షం మాట ఇక్కడే మొదలవుతుంది. మామూలు డ్రయర్ గాలి ఒకే ధారగా వచ్చి నొక్కులను చెదరగొడుతుంది. డిఫ్యూజర్ గిన్నె ఆకారంలో, చిల్లులతో ఉంటుంది. గాలిని విడగొట్టి మెల్లగా, నలుదిక్కులా పంపుతుంది. తల పక్కకు వంచి పాయను ఆ గిన్నెలో కూర్చోబెట్టి పైకి ఎత్తితే రెండు పనులు జరుగుతాయి. జుట్టు బరువును గిన్నె మోస్తుంది గనక కుదుళ్లు సాగవు. పాయ ముడుచుకున్న స్థితిలోనే బంధాలు కలుస్తాయి గనక నొక్కు లోతుగా నిలుస్తుంది. గాలికి వదిలేస్తే నీటి బరువుకు పోయే వంపు ఇక్కడ మిగులుతుంది. పొడుగాటి, ఒత్తయిన జుట్టుకు ఇది చిన్న లాభం కాదు. మాడు కూడా త్వరగా ఆరుతుంది.

కాని వేడి వేడే. తడి ఉన్నంతసేపు ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది గనక జుట్టు మరీ వేడెక్కదు. నీరు అయిపోయాక అదే గాలి వెంట్రుకను నేరుగా కాలుస్తుంది. డ్రయర్ వల్ల జరిగే చెరుపులో ఎక్కువ భాగం ఆఖరి నిమిషాల్లోనే, పూర్తిగా ఆరిపోయిందో లేదోనని ఇంకాసేపు పట్టే ఆ వేళలోనే జరుగుతుంది. దీనికంటే ప్రమాదం తడి జుట్టుకు మితిమీరిన వేడిని తగిలించడం. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, అక్కడే అది విరిగిపోతుంది. సుమారు 125 డిగ్రీల వేడి కడ్డీని తడి జుట్టుకు నిమిషంపాటు చుట్టినా ఇలా జరుగుతుందని పరీక్షల్లో తేలింది. అందుకే తడి జుట్టు మీద స్ట్రెయిటెనరూ కర్లింగ్ కడ్డీ ఎప్పుడూ పనికిరావు. సరిగా వాడిన డిఫ్యూజర్ ఆ వేడికి చాలా దూరంలో ఆగుతుంది. కాని అందరూ సరిగా వాడరు. చేతిలో యంత్రం ఉంటే తొందర కూడా చేతిలో ఉన్నట్టే.

ఈ రెండు పక్షాలకూ మధ్య తీర్పు చెప్పగలిగే పరీక్ష ఒకటి 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించారు. కత్తిరించిన పాయలను 30 సార్లు కడిగి, కొన్నింటిని గది వాతావరణంలో ఆరనిచ్చారు, కొన్నింటిని డ్రయర్‌తో ఆరబెట్టారు. డ్రయర్‌ను 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టినప్పుడు వేడి 95 డిగ్రీలకు చేరి పొలుసులు బాగా దెబ్బతిన్నాయి. 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి కదుపుతూ ఉంటే 47 డిగ్రీల దగ్గర చెరుపు తక్కువగా ఉంది. గాలికి ఆరిన పాయల మీది పొలుసులు బాగానే ఉన్నాయి గాని, లోపల కణాలను అతికి ఉంచే పొర దెబ్బతిన్నది వాటిలోనే. ఎక్కువసేపు నీటిలో ఉబ్బి ఉండటమే కారణం కావచ్చని వాళ్లు అన్నారు.

ఈ ఫలితాన్ని చూపించి గాలికి ఆరబెట్టడమే చెడ్డదని అనేవాళ్లున్నారు. అది తొందరపాటు మాట. పరీక్ష జరిగింది ప్రయోగశాలలోని పాయల మీద, బతికిన తల మీద కాదు. నొక్కులు నిలుస్తాయా లేదా అని వాళ్లు చూడలేదు. అయినా ఆ పరీక్ష నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది. వెంట్రుకకు వేడి ఒక్కటే శత్రువు కాదు, అదే పనిగా నానడం కూడా దాన్ని పీడిస్తుంది. తలంటుకు ముందు కొబ్బరినూనె పెట్టే మన అలవాటుకు విలువ ఇక్కడ తెలుస్తుంది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చేరగలదు. కడిగినప్పుడు ప్రొటీన్ పోవడాన్ని కొబ్బరినూనె తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదనీ ముంబై పరిశోధకులు 2003లో చూపించారు. గాలికి ఆరబెట్టుకునేవాళ్లకు ఈ నూనె మరింత అవసరం, ఎందుకంటే వాళ్ల జుట్టు ఎక్కువసేపు తడిగా ఉంటుంది.

వెచ్చని గాలితో జుట్టు ఆరబెట్టడం మన పెద్దలకు తెలియని పనేమీ కాదు. బాలింతలకు, పసిపిల్లలకు తలంటి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, దాని మీద గంప బోర్లించి, గంప మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. గంప అల్లికలోంచి వెచ్చదనం చెదిరి, మెల్లగా జుట్టును చేరేది. దువ్వెన లేదు, రుద్దుడు లేదు, బరువంతా గంప మీదే. డిఫ్యూజర్ చేసే పనికి ఇది చాలా దగ్గర. పొగ మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు. పసిపిల్లలకు అసలే కాదు. అందుకే ఆ పద్ధతినే తిరిగి తెచ్చుకోమని ఇక్కడ అనడం లేదు. వెచ్చదనాన్ని తక్కువగా, చెదరగొట్టి, జుట్టును కదపకుండా అందించాలన్న ఎరుక మాత్రం నిలుపుకోదగ్గది.

రెండు దారుల్లోని మంచినీ కలిపితే ఆచరణలో ఇలా ఉంటుంది. జుట్టు ఇంకా నీళ్లోడుతుండగానే, కండిషనర్ ఉండగా వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసుకోవాలి. ఆ తర్వాత దువ్వెన ముట్టకూడదు. నూలు గుడ్డతో చివళ్ల నుంచి పైకి అద్దాలి. పట్టు కావాలనుకుంటే అప్పుడే కొంచెం జెల్లు రాసుకోవచ్చు. ఇంట్లో కాచిన అవిసెగింజల జెల్లు కూడా పనిచేస్తుంది. గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ పాయలను కూర్చాలి. సగం ఆరేదాకా గాలికి వదలాలి. ఫ్యాన్ నేరుగా ముఖం మీదికి, జుట్టు మీదికి రాకుండా చూసుకోవాలి, ఫ్యాన్ గాలి కూడా చెదరగొట్టే గాలే. అప్పుడు డిఫ్యూజర్‌ను తక్కువ వేడి, తక్కువ వేగంలో పెట్టి మొదట కుదుళ్లు, తర్వాత పాయలు ఆరబెట్టాలి. కొంచెం చెమ్మ ఉండగానే ఆపేయాలి, మిగతాది దానంతటదే ఆరుతుంది. జెల్లు గట్టిపడి ఉంటే పూర్తిగా ఆరాకనే చేత్తో నలిపి విరవాలి.

అందరికీ ఇన్ని మెట్లు అక్కర్లేదు. మెడ దాకా పొట్టి జుట్టున్న మగపిల్లలకు గాలి చాలు, హెల్మెట్ పెట్టుకోవడానికి ముందు ఆరితే చాలు. పలచటి, భుజాల దాకా ఉన్న జుట్టు పొడి ఊళ్లలో దానంతటదే చక్కగా నిలుస్తుంది. రంగు వేసినా, స్మూతెనింగ్ చేయించినా వేడికి ఇంకా దూరంగా ఉండాలి, అలాంటి జుట్టుకు పొలుసులు ముందే దెబ్బతిని ఉంటాయి. చుండ్రు తరచూ వచ్చేవాళ్లు, నడుము దాకా ఒత్తు జుట్టున్నవాళ్లు, తీరప్రాంతంలో వానాకాలం గడిపేవాళ్లు డ్రయర్ అంటే భయపడనక్కర్లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చలికాలపు ఉదయం ఇల్లు దాటాల్సిన మన పిల్లలదీ ఇదే లెక్క. 1200 వాట్ల డ్రయర్‌ను 10 నిమిషాలు వాడితే ఖర్చయ్యేది 0.2 యూనిట్ కరెంటు, అంటే బిల్లు గురించి బెంగ పడాల్సిన పని కూడా లేదు.

ఇదంతా విని, జుట్టు కోసం ఇంత తతంగమా అని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆడవాళ్ల పొద్దుటిపూట ఇప్పటికే వంటకూ, పిల్లలకూ, ఉద్యోగానికీ సరిపోవడం లేదు. అందులో అద్దం ముందు ఇంకో అరగంట పెట్టమనడం మరో బరువే. సీసాల కంపెనీలు ఈ మాటను సాకుగా చేసుకుని క్రీములమీద క్రీములు అమ్ముతున్నదీ నిజమే. కాని దీనికి ఎదురుగా ఉన్నదీ చూడాలి. నొక్కుల జుట్టును ఏళ్ల తరబడి తిన్నగా చేయించుకోవడానికి పోసే డబ్బు, మందుల వాసన, వారం వారం స్ట్రెయిటెనర్ వేడి ఇంతకంటే పెద్ద బరువు. ఉన్న జుట్టుతో స్నేహం చేసుకునే పద్ధతి ఏదైనా కొన్నాళ్లకు పని తగ్గిస్తుంది గాని పెంచదు. తువ్వాలు బదులు పాత గుడ్డ, దువ్వెన బదులు చేతి గుప్పిట అన్నవాటికి పైసా ఖర్చు లేదు. సమయమూ పెద్దగా పట్టదు. మిగతావి కుదిరిన రోజునే చేసుకోవచ్చు.

అందుచేత డ్రయర్ మంచిదా గాలి మంచిదా అన్న తగవు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. నా జుట్టు ఆరడానికి ఎంతసేపు పడుతుంది, అంతసేపూ దాన్ని ముట్టకుండా, ముడి వేయకుండా, నలగకుండా ఉంచగలనా? ఈ రెండు ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే దారి తేలుతుంది. ఉంచగలిగితే నీడపట్టున గాలి చాలు, అంతకంటే మెత్తనిది లేదు. ఉంచలేకపోతే, సగం ఆరాక తక్కువ వేడితో, దూరంగా పట్టిన డిఫ్యూజర్ వల్ల వచ్చే నష్టం, తడి జుట్టును బిగించి కట్టి నానబెట్టే నష్టం కంటే తక్కువ.